పల్లెవెలుగులో ఏజెన్సీ: అరకు నుంచి గోకవరం దాకా

విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కితే భోజనాల వేళకి రాజమండ్రిలో దిగిపోవచ్చు. సముద్రానికి దగ్గరగా, చదునుగా సాగే దారి అది. ఆ రెండు ఊళ్లకీ కొండల మీదుగా ఇంకో దారి ఉంది: అరకు, పాడేరు, చింతపల్లి, సీలేరు, మోతుగూడెం, చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం. తూర్పు కనుమల లోపల్లోపల తిరిగి తిరిగి చివరికి గోదావరి దగ్గర బయటపడుతుంది. మాకు అది వారం పైనే పట్టింది.

కారులో రెండు మూడు రోజుల్లో చుట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేం బస్సుల్లో వెళ్లాం. అందులో పెద్ద ఆదర్శమేమీ లేదు, కారణం మా నాన్న. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. సర్వీసులో చాలా భాగం ఘాట్ రోడ్ల మీదే గడిచింది. వేరేవాళ్లు నడిపే కారులో కూర్చుంటే ఆయనకి బీపీ. బస్సయితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని దాదాపుగా నోరు మూసుకుని రాగలరు. పైగా ఆయనకి రిటైర్డు ఉద్యోగుల పాసు, నాకు ఆడవాళ్లకిచ్చే స్త్రీశక్తి ఉచిత టికెట్టు. కొండల్లో మా ప్రయాణ ఖర్చు చాలావరకు బస్సు లేని చోట ఎక్కిన ఆటోలకీ జీపులకీ అయిందే.

గురువారం: విశాఖ – అరకు

మొదటి అంచె మాత్రం రైలు. కిరండూల్ ప్యాసింజరు పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది, అరకు చేరేసరికి నాలుగు గంటలు. అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది గానీ మేం జనరల్లో ఎక్కాం. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది, తర్వాత ఒకటే సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ పిల్లలు అరుస్తారు, పెద్దవాళ్లు కసురుతారు, తర్వాతి సొరంగంలో కొందరు పెద్దవాళ్లు కూడా అరుస్తారు.

అసలు ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. ఆ సంగతి ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. స్టేషన్లలో మన ప్యాసింజరు పక్కకి జరిగి నిలబడుతుంది, ఎర్ర దుమ్ము కొట్టుకున్న గూడ్సు బండి దర్జాగా దిగిపోతుంది. నిండు బండ్లు కిందికి, ఖాళీ బండ్లు పైకి. శిమిలిగూడ దగ్గర ఎత్తు వెయ్యి మీటర్లకి నాలుగు మీటర్లే తక్కువ. చెవులు దిబ్బడ వేశాయి.

నాన్నకి రైలు పెద్దగా నచ్చలేదు. "గేరుల్లేని బండి. డ్రైవరుకి పనేటుంది?" అన్నారు. లోకో పైలట్లు ఎవరూ వినలేదు కాబట్టి సరిపోయింది.

శుక్రవారం: సంత

అరకు సంత శుక్రవారం. గురువారమే చేరాలని పట్టుబట్టింది అందుకే. అరకంటే పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, వలిసె పూల చేలో ఫొటోలు అనుకుంటారు. వలిసె పూలు నవంబరులో నిజంగానే బావుంటాయి, రోడ్డు పక్కన ఎకరాలకెకరాలు పసుపు. కానీ చేలో దిగి ఫొటో తీసుకోవడానికి డబ్బులు తీసుకుంటున్నారు, తీసుకోవాలి కూడా. అది నూనెగింజల పంట. మన కాళ్ల కింద నలిగేది వాళ్ల నూనె.

సంతకి పొద్దున తొమ్మిదికి వెళ్తే ఖాళీగా ఉంది. పదకొండుకి కాలు పెట్టే చోటు లేదు. జీపుల మీద, ఆటోల్లో, నడిచి, తలమీద మూటలతో దిగుతూనే ఉన్నారు. ముక్కుకి మూడు నత్తులు పెట్టుకున్న పెద్దవాళ్లు, పక్కనే జీన్స్ వేసుకున్న మనవరాళ్లు. అమ్మకానికి అల్లం, పిప్పళ్లు, చిలగడదుంపలు, చోళ్లు (రాగులు), సామలు, చివరి విడత సీతాఫలాలు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు. కొనడానికి ఉప్పు, ఉల్లిపాయలు, రబ్బరు చెప్పులు, రగ్గులు, ఎండుచేపలు. ఎండుచేపల వరస అన్నిటికంటే పొడుగ్గా ఉంది. సముద్రం ఇక్కడికి బాగా దూరం, వాసన మాత్రం భీమిలి రేవులో ఉన్నట్టే.

చాలామంది మాట్లాడేది తెలుగు కాదు. ఆదివాసీ ఒడియా, కువి, మధ్యలో తెలుగు అంకెలు. బేరం వచ్చేసరికి అందరూ తెలుగే. నాన్న ఒకామె దగ్గర చోళ్లు బేరమాడారు.

"తవ్వ ఎంతమ్మా?"

ఆమె ఒక రేటు చెప్పింది. నాన్న సగానికి అడిగారు. ఆమె తల కూడా ఎత్తలేదు. "ఆ రేటుకి నీకెవులైనా ఇత్తే నాకూ ఓ తవ్వ తే బాబూ." పక్కనున్న వాళ్లంతా నవ్వారు. నాన్న చెప్పిన రేటిచ్చి రెండు తవ్వలు కొన్నారు.

సంత మొదట్లో తూకం కాటాలతో నిలబడ్డ వ్యాపారుల్ని చూడాలి. మూట నేలమీద దిగకముందే చెయ్యి వేస్తారు. పొద్దుటి నుంచి నడిచొచ్చిన మనిషి త్వరగా అమ్మేసి ఉప్పూ నూనే కొనుక్కుని చీకటి పడకముందు ఇల్లు చేరాలి కదా, అదే వాళ్ల లాభం. ఈ దోపిడీకి అడ్డుకట్టగానే 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పెట్టారు. జీసీసీ అంటే మనకి తేనె సీసా, సబ్బు బిళ్ల గుర్తొస్తాయి. ఇక్కడ అది ముందు ఒక తూకం కాటా. అది లేని చోట రేటు ఎవరు చెబుతారో సంతలో పావుగంట నిలబడితే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం బొంగులో చికెన్ తిన్నాం. వెదురు బొంగులో నూనె లేకుండా, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పి తిప్పి కాల్చేది. రోడ్డు పక్కన బోర్డు పెట్టినవన్నీ అలా చేసినవి కావు. ముందే కూర వండి, బొంగులో పోసి, మన ఎదురుగా వేడిచేసి ఇస్తే గుర్తుపట్టడం తేలికే: చేతికి నూనె అంటుతుంది.

శనివారం: అరకు – పాడేరు

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి. పెద్ద బండ మీంచి నీళ్లు పల్చగా జారే చోటు. శనివారం కాబట్టి బండ కంటే జనం ఎక్కువ. పది నిమిషాలు చూసి తర్వాతి బస్సు ఎక్కేశాం.

హుకుంపేట దాటినకొద్దీ రోడ్డు పని కనిపిస్తుంది. విజయనగరం నుంచి అరకు, పాడేరు, చింతపల్లి, కొయ్యూరు, రంపచోడవరం మీదుగా రాజమండ్రికి 516-ఇ జాతీయ రహదారి. పాత ఇరుకు రోడ్డుని వెడల్పు చేస్తున్నారు. కొండని ఒక పక్క నిలువునా కోసేశారు, ఎర్రమట్టి పచ్చిగా ఉంది. కొట్టేసిన చెట్లు వరసగా పడి ఉన్నాయి. నేను ఫోన్లో ఫొటోలు తీస్తూ ఉన్నాను. నాన్న మాత్రం కొత్త రోడ్డు వాలు చూస్తున్నారు. "బాగా తీసారు. ఈ మలుపులో పాత రోజుల్లో రెండు సార్లు వెనక్కి తీసి తిప్పీవోళ్లం" అన్నారు.

పాడేరు చుట్టూ కాఫీ. ముందు కనిపించేది కాఫీ కాదు, నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు. వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగ. వాటన్నిటి నీడలో, మనిషి ఎత్తులో కాఫీ మొక్క. నవంబరు కాబట్టి పండ్లు ఎర్రబడ్డాయి, కోత మొదలైంది. ఇక్కడివి కర్ణాటకలోలాంటి ఎస్టేట్లు కావు, ఎక్కువమందికి ఎకరం, రెండెకరాల తోటలే. పండు కోసి, పైతోలు తీసి, కడిగి, గింజని ఇంటి ముందు పరదా మీద ఆరబోస్తున్నారు. పక్కనే వడ్లు ఆరుతున్నాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి రెండేళ్ల ముందే ఈ గింజ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. ఆరబోస్తున్న ఆమెని "మీరు కాఫీ తాగుతారా?" అని అడిగితే "టీ" అంది.

పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రం. లాడ్జీలు పెరిగాయి, రేట్లూ పెరిగాయి. మేం దిగిన చోట వేడినీళ్లు వస్తాయన్నారు. వచ్చాయి, ఒక బకెట్టు.

ఆదివారం: పాడేరు – చింతపల్లి

తెల్లవారుజామున వంజంగి కొండకి నేనొక్కదాన్నే ఎక్కాను. మబ్బులు కింద పరుచుకుని, వాటి మీంచి కొండల కొసలు తేలుతుంటే సూర్యుడు రావడం. ఫొటోల్లో ఎంత బావుంటుందో అంత బావుంది, అబద్ధం లేదు. కానీ ఆదివారం వెళ్లకండి. చీకట్లో సెల్‌ఫోను లైట్ల క్యూ, బ్లూటూత్ స్పీకర్లు, మ్యాగీ స్టాళ్లు. మంగళ, బుధవారాల్లో వెళ్తే మబ్బులు ఇవే ఉంటాయి, స్పీకర్లు ఉండవు.

కిందికి దిగేసరికి నాన్న బస్టాండులో ఇద్దరు డ్రైవర్లతో స్నేహం చేసేసి టీ తాగుతున్నారు. ఏ బస్సు ఎన్నింటికి, ఏ రోడ్డు ఎక్కడ తవ్వారు, అన్నీ తెలిసిపోయాయి. ఏజెన్సీలో బస్సుల టైములకి ఫోను కంటే ఈ పద్ధతే మేలు.

జి.మాడుగుల మీదుగా చింతపల్లి. దారిలో కొత్తపల్లి జలపాతం ఉంది. బస్సు కిటికీలోంచి చూడ్డానికి వీల్లేదు, దిగితే తర్వాతి బస్సు ఎప్పుడో తెలీదు. వదిలేశాం.

సోమవారం: లంబసింగి, కృష్ణదేవిపేట

లంబసింగిలో చలి చూడ్డానికి జనం డిసెంబరు, జనవరిల్లో వస్తారు. మేం వెళ్లేసరికి పొగమంచు ఉంది, స్వెట్టరు చాలింది. స్ట్రాబెర్రీ మళ్లు ఇంకా పూతలో ఉన్నాయి. టీ తాగి నర్సీపట్నం వైపు వెళ్లే బస్సెక్కి ఘాట్ దిగాం.

నాకు ఈ యాత్రలో తప్పకుండా చూడాలని ఉన్నది ఈ ఘాటే. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు, మలుపులు, అడవి, కోతులు. కానీ అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఒకటి రోడ్డు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి ఈ కొండల మీదికి రోడ్డు పని మొదలుపెట్టాడు. రాళ్లు మోసింది కొండవాళ్లు. చాలీచాలని కూలి, నోరెత్తితే దెబ్బలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వాళ్ల పోడుకి, కట్టెకి, మేతకి ముందే కళ్లెం వేసింది. తాతల నాటి అడవిలో అడుగుపెడితే నేరం, అదే అడవిలో రోడ్డు వేయకపోతే నేరం. భూమీ, ముఠాదారీ (కొన్ని ఊళ్ల మీద పన్ను వసూలు హక్కు) పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర రామరాజు పక్కన నిలబడ్డారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. స్కూల్లో ఈ మూడు పేర్లు బట్టీపట్టి రాసిందాన్నే, మార్కులు కూడా వచ్చాయి. బస్సులో కూర్చుని మలుపులు లెక్కపెడుతుంటే మాత్రం వేరే సంగతి తట్టింది. ఇదంతా వానాకాలంలో, వాగులు పొంగే రోజుల్లో, తుపాకులు మోసుకుంటూ నడిచిన దూరం. రోడ్డు మీద పోలీసులు రావాలి, అడ్డదారిలో వీళ్లు వెళ్లాలి. దారి తెలిసినవాళ్లది పైచేయి.

కృష్ణదేవిపేటలో రామరాజు సమాధి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపి ఇక్కడికి తెచ్చారు. తోట, విగ్రహం, ఫొటోల గది ఉన్నాయి. స్కూలు పిల్లల బస్సొకటి వచ్చింది. మాస్టారు గట్టిగా తేదీలు చెబుతున్నారు, పిల్లలు రాసుకుంటున్నారు. పరీక్షకి వస్తుంది కాబోలు.

తిరిగి పైకి ఎక్కేటప్పుడు రోడ్డు పని దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. కుర్రాళ్లు హిందీలో మాట్లాడుకుంటున్నారు, జార్ఖండ్ నుంచి వచ్చారట. నాన్న వాళ్లని చూస్తూ అన్నారు: "అప్పుడు ఈ కొండోళ్ల చేత ఏయించారు. ఇప్పుడు ఆ కొండోళ్ల చేత ఏయిత్తన్నారు."

మంగళవారం: చింతపల్లి – సీలేరు

ఇక్కణ్నుంచి పర్యాటకులు తగ్గిపోతారు. గూడెం కొత్తవీధి, ఆర్.వి.నగర్ దాకా కాఫీ తోటలు, ఆ తర్వాత అచ్చంగా అడవి. ఫోను సిగ్నలు వచ్చిపోతూ ఉంటుంది, చివరికి పోతుంది.

దారకొండ ఘాట్‌లో దారాలమ్మ గుడి దగ్గర బస్సు ఆగింది. ఆగాలి. ఈ రోడ్డు మీద తిరిగే బండి ఏదైనా అమ్మవారికి దణ్ణం పెట్టకుండా కదలదు. నాన్న చింతపల్లిలోనే కొబ్బరికాయ కొని సంచిలో పెట్టుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. కొట్టి, చిప్పలు డ్రైవరుకీ కండక్టరుకీ ఇచ్చారు. డ్రైవరు కుర్రాడు "ఏ డిపో గురువుగారూ?" అన్నాడు. అంతే, సీలేరు దాకా ఇద్దరూ ఒకటే కబుర్లు. ఎక్కినప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరులో ఉండాలి. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగేవాడు డ్రైవరు కాడు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మూడో సూత్రాన్ని కారులవాళ్లు ఎవరూ పాటించడం లేదని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

సీలేరు ప్రాజెక్టు ఊరు. ఒడిశా వైపు మాచ్‌ఖండ్‌గా పుట్టిన నీళ్లు ఇక్కడికి వచ్చేసరికి సీలేరు నది. ఏరు ఇవతల ఆంధ్ర, అవతల మల్కనగిరి జిల్లా. మాచ్‌ఖండ్‌లో ఒకసారి, సీలేరులో ఒకసారి, డొంకరాయిలో ఒకసారి, మోతుగూడెంలో ఇంకోసారి ఒకే నీటి చేత కరెంటు పుట్టిస్తారు. ఇక్కడి ఎగువ సీలేరు కేంద్రం 240 మెగావాట్లు, మోతుగూడెం దగ్గరి దిగువ సీలేరు 460. ఈ రోడ్డు కూడా వాటి కోసం వేసిందే. టర్బైన్లు కొండెక్కాలి కాబట్టి రోడ్డొచ్చింది. రోడ్డొచ్చింది కాబట్టి బస్సొచ్చింది. హైటెన్షన్ తీగలు మాత్రం ఇక్కడి గూడేల మీదుగా మైదానానికి వెళ్లిపోతాయి. "మా ఊరికి లైటు వచ్చీసరికి నాకు పెళ్లై పిల్లలు పుట్టీసారు" అన్నాడు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన. ఆయన ఊరి మీదుగా వెళ్లే టవరు బస్సులోంచే కనిపించింది.

ప్రాజెక్టు కాలనీలో సాయంత్రం నడిచాం. ఒకే తీరు క్వార్టర్లు, కొన్ని తాళాలు వేసినవి, ఒక బడి, ఒక మైదానం, అంతా జలాశయం ఒడ్డున. రాత్రి మెస్సులో అన్నం, సీలేరు చేపల పులుసు. ఈ యాత్ర మొత్తం మీద నేను తిన్న మంచి భోజనం ఇదే. బొంగులో చికెన్‌వాళ్లు ఏమనుకున్నా సరే.

నాన్న ఆ రాత్రే ఒక పాత సంగతి చెప్పారు. లోపలి ఊరొకదానికి నైట్ హాల్ట్ బస్సు. చీకటిపడ్డాక వెళ్లి అక్కడే పడుకుని పొద్దున అయిదింటికి బయల్దేరాలి. ఒక రాత్రి రెండింటికి నలుగురు వచ్చి బస్సు రేకు మీద బాదారు. డోలీలో నిండు చూలాలు, నొప్పులు మొదలై చాలాసేపయింది. ఇంకో కొండ అవతల నుంచి మోసుకొచ్చారు.

"మరి?"

"మరేటుంది. బండి తీసాను. మంచు, ఏటీ కనపడ్డం లేదు. కండట్రు టార్చిలైటు అట్టుకుని మలుపు మలుపుకీ దిగి ముందు నడిసీవాడు. సింతపల్లి ఆసుపత్రికి ఎల్లీసరికి తెల్లారిపోయింది."

"పుట్టిందా?"

"ఆడపిల్ల. ఆ రోజు అయిదింటి బస్సుకి రావాలిసినోళ్లు మాత్రం తిట్టుకున్నారు."

డీజిలు ఎక్కువ కాలినందుకు కాగితం రాసిచ్చారట, అక్కడితో సరిపోయింది. తర్వాత ఇంకో మాటన్నారు. "నువ్వు పాడేరు కాడ్నించీ సెట్లు ఫొటోలు తీత్తన్నావ్. తియ్యి. నేనొద్దన్ను. కానీ ఆ రాత్రి ఆ రోడ్డు ఇంకో రెండు బారలు వెడల్పుంటే నాకు సేతులు ఒణికీవి కావు."

ఆ మాట కాదనలేను. అయినా నా లెక్క నాకుంది. పాడేరు దగ్గర వెడల్పవుతున్న రోడ్డు మీద బస్సు ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది. డోలీ మోసేది ఆ రోడ్డు మీద కాదు, గూడెం నుంచి ఆ రోడ్డు దాకా ఉండే కాలిబాట మీద. పేపర్లలో ఇప్పటికీ వచ్చే డోలీ ఫొటోలన్నీ ఆ బాటలవే. జాతీయ రహదారి వెడల్పయితే విశాఖ నుంచి లంబసింగికి వచ్చే కారుకి గంట కలిసొస్తుంది. ఆ చివరి మూడు నాలుగు కిలోమీటర్లకి మట్టిరోడ్డు పడితే డోలీయే అక్కర్లేదు. నాన్నకి ఇలాగే చెప్పాను. "రెండూ ఏయమను, ఎవులొద్దన్నారు" అని దుప్పటి కప్పుకున్నారు.

బుధ, గురువారాలు: మోతుగూడెం, చింతూరు

భద్రాచలం బస్సు పట్టుకున్నాం. డొంకరాయి, మోతుగూడెం మీదుగా దిగుతుంది. అందమైన దారి అని ఒక్కదాన్నే ఎంచమంటే నేను ఈ ముక్కనే ఎంచుతాను. జలాశయం, దాని నీటిని పవర్‌హౌసుకి తీసుకెళ్లే కాలువ, ఇరుపక్కలా వెదురు. ఎదురుగా బండి కనపడక అరగంట గడిచిపోతుంది. మోతుగూడెం దగ్గర పొల్లూరు జలపాతానికి నడిచి వెళ్లొచ్చు. నీళ్ల దగ్గర మేమిద్దరం, ఒక మేకల కాపరి. స్నానానికి దిగేవాళ్లు జాగ్రత్త, రాళ్లు బాగా జారతాయి.

చింతూరు వచ్చేసరికి ఎండ మారిపోయింది, కొండ చలి పోయి ఉక్కపోత. ఇక్కడ శబరి నది. సీలేరు నీళ్లు శబరిలో, శబరి నీళ్లు కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. చింతూరు నుంచి ఒక దారి ఛత్తీస్‌గఢ్‌కి, ఒకటి ఒడిశాకి, ఒకటి తెలంగాణకి. టీ కొట్లో పావుగంట కూర్చుంటే కోయ, తెలుగు, ఒడియా, హిందీ అన్నీ వినిపిస్తాయి. 2014 దాకా ఇది ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాలని ఆంధ్రలో కలిపినప్పుడు ఇటు వచ్చింది. "మేం ఎక్కడికీ కదల్లేదండి, జిల్లాలే మారుతున్నాయి" అన్నాడు కొట్టాయన. ఆయన గోడ మీద, నా తల కంటే ఎత్తులో, బురద చార ఒకటి చూపించాడు. 2022 జులై. ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది, శబరి ముందుకు పోయే దారి లేక వెనక్కి తన్నింది. సున్నం వేయించినా ఆ చార మీద వేయించలేదు. పరిహారం లెక్కలకి వచ్చేవాళ్లకి చూపించాలి కదా అన్నాడు.

మర్నాడు ఆటోలో కూనవరం సంగమం చూసొచ్చాం. నాన్న అక్కడ మునకవేసి కార్తీకమాసం బాకీ తీర్చుకున్నారు.

శుక్రవారం: మారేడుమిల్లి

చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్. మళ్లీ చలిగాలి, మళ్లీ మలుపులు. చెట్లు ఇక్కడ వేరు, పొడుగ్గా, దట్టంగా, మధ్యాహ్నం కూడా రోడ్డు మీద నీడే. తులసిపాక దగ్గర వెదురు తడికల ఇళ్లు, కొండరెడ్లనే ఆదివాసీలవి. మారేడుమిల్లి మాత్రం బాగా మారిపోయింది. సినిమా షూటింగుల పుణ్యమా అని ప్రతి వాగు దగ్గరా ఏదో ఒక సీను పేరు చెబుతున్నారు. గుడిస కొండకి జీపులు తెల్లవారుజామున వెళ్తాయి. అడిగిన రేటు విని మానేశాం. జలతరంగిణి దగ్గర కూర్చుని చల్లగా కాళ్లు కడుక్కున్నాం, దానికి డబ్బుల్లేవు.

సాయంత్రం నాన్న ఎక్కడినుంచో జీలుగు కల్లు సంపాదించారు. తియ్యగా ఉంది, రెండో గ్లాసు నాకివ్వలేదు. 1879లో రంప తిరుగుబాటు రగలడానికి ఈ కల్లు మీద వేసిన పన్ను కూడా కారణం. చిగురు పన్ను అనేవారు. ఇంట్లో తాగడానికి చెట్టు గీసుకున్నా పన్నేనన్నారు. ఈ సంగతి చెబితే నాన్న గ్లాసు కింద పెట్టి "మరి తిరగబడరా!" అన్నారు, చాలా సీరియస్‌గా.

శనివారం: బయటికి

రంపచోడవరంలో దిగి రంప జలపాతం చూశాం. నీళ్లు బానే ఉన్నాయి, మెట్లు శుభ్రంగా ఉన్నాయి, ఇంతకంటే చెప్పడానికి లేదు. గోకవరం చేరేసరికి కొండలు అయిపోయాయి, రోడ్డు తిన్నగా అయింది, డ్రైవరు టాప్ గేరు వేశాడు. రాజమండ్రి నుంచి విజయనగరానికి రైలు.

వెళ్దామనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, వానల్లో చింతూరు వైపు వెళ్లొద్దు. అరకు శుక్రవారానికి, వంజంగి శని, ఆదివారాలు కాకుండా పెట్టుకోండి. చింతపల్లి దాటాక సిగ్నలు నమ్ముకోవద్దు, నోట్లు ఉంచుకోండి. సీలేరులో గదులు తక్కువ, ముందు రోజే ఎవరితోనైనా చెప్పించుకోవాలి. సీలేరు నుంచి చింతూరు వైపు బస్సులు బహు తక్కువ, టైము చింతపల్లి బస్టాండులో అడిగి తెలుసుకోండి, అదీ డ్రైవర్లని. కొబ్బరికాయ దారకొండలో దొరుకుతుందో లేదో, చింతపల్లిలోనే కొనేయండి.